అంచు కోయని పన్నెండో సంచిక

కట్టుకున్నవాడి మీద ఫిర్యాదు చెప్పమంటే ఆమె దగ్గర ఒక్కటే ఉంది: ఆయనకు వంకర కనిపిస్తే చెయ్యి ఆగదు. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు. తాగడు, తిరగడు, ఎవరి జోలికీ పోడు. కానీ పొద్దున్నే పేపరు గుమ్మంలో పడగానే, చదవడానికి ముందు ఇనపస్కేలు ఆన్చి నాలుగువైపులా దాని అంచులు కోస్తాడు. "వార్తలెలాగూ తిన్నగా ఉండవు, అంచులైనా ఉండనీ" అంటాడు. గోడ మీది క్యాలెండరు, మందుల డబ్బా మీది చీటీ, కూతురి పరీక్ష హాల్‌టికెట్టు, ఏదీ ఆయన బ్లేడు తప్పించుకోలేదు. బ్రెడ్డు ముక్కల చుట్టూ ఉండే గోధుమరంగు అంచులు కూడా తీసేస్తాడు. ఆ తీసినవన్నీ తినేది ఆమె. పెళ్లయ్యాక బ్రెడ్డు మధ్యభాగం రుచి మర్చిపోయానని ఒకసారి అన్నది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మర్నాటి నుంచి అంచులు ఇంకాస్త మందంగా కోయడం మొదలుపెట్టాడు. అది ఆయన ప్రేమ. దానికీ స్కేలు ఉంది.

ఆ శనివారం పొద్దున కూడా ఆమె వంటగదిలో నిలబడి అంచులు నములుతూ డబ్బా మూత బిగిస్తోంది. ముందుగదిలో ఆయన దగ్గాడు.

"ఇవాళ ప్రెస్సుకు పోను. ఒంట్లో బాలేదు."

"జ్వరమా?"

"దగ్గు."

"దగ్గుకు సెలవు పెట్టడం ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ముసలితనం వస్తోందిగా. ఒక్కొక్కటే నేర్చుకోవాలి."

కూతురు నోట్లో బ్రష్షుతోనే నవ్వింది. ఆమె కూడా నవ్వి, వేడినీళ్ల ఫ్లాస్కు ఆయన పక్కన పెట్టి, పడగ్గదిలోకి వెళ్లింది. షాపుకు బయల్దేరే ముందు మంచం కింది ఇనపపెట్టె ఒకసారి తెరవకపోతే ఆమెకు రోజు మొదలైనట్టుండదు.

పెట్టెలో మబ్బుమనిషి ఉన్నాడు. ఆమె చిన్నప్పుడు నెలనెలా వచ్చి, నలభై సంచికలకే ఆగిపోయిన బొమ్మల పుస్తకం. మబ్బుమనిషి పసుపురంగు దుప్పటి భుజాలకు కట్టుకుని మేఘాల మీద నడుస్తాడు. కూలిపోయే వంతెనలు భుజాన మోస్తాడు. కోపం వస్తే బొమ్మ గడి దాటి బయటికి గుద్దుతాడు. ఆ పిడికిలి ఎప్పుడూ కాగితం చివరిదాకా వచ్చి ఆగుతుంది. దర్జీగా ఆమెకు అతని మీద ఒక అభ్యంతరం ఉంది. ఆ దుప్పటికి ఎక్కడా అంచు మడిచి కుట్టినట్టు గీత లేదు. అంత వేగంగా ఎగిరేవాడి గుడ్డ పోగులూడి ఏనాడో చేతిరుమాలంత అయిపోవాలి. లోకాన్ని కాపాడేవాడికి చిన్న కుట్టు వేసిపెట్టే దిక్కు లేకపోయిందే అని ఆమెకు ఇప్పటికీ జాలి.

ఆమె తండ్రి మంగలి. షాపులో వంతు కోసం కూర్చునే పిల్లల కోసం ఈ పుస్తకాలు కొనేవాడు. ఆడపిల్ల అక్కడికి వెళ్లి కూర్చోకూడదు కాబట్టి, నలిగి ఊడిపోయినవి మాత్రం సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. మొదటి పేజీ ఉంటే చివరిది ఉండేది కాదు. వంతెన కూలుతుండగా కథ ఆగిపోయేది. మబ్బుమనిషి వచ్చాడో లేదో తెలియకుండానే ఆమెకు పెళ్లయింది. అందుకే తన చేతి పని మొదలయ్యాక ఒక్కొక్క సంచికే వెతకడం మొదలుపెట్టింది. పాత ఇళ్ల అటకల మీద, చిత్తుకాగితాల కొట్లలో, ఎవరో ఇల్లు మారుతూ గుమ్మంలో వదిలేసిన అట్టపెట్టెల్లో. మొదట్లో కథల కోసం. తరవాత ఆ కథలు చదివిన పిల్లల కోసం. ఏడో సంచిక అట్ట మీద దొంగకు ఎవరో పెన్సిలుతో మీసాలు దిద్దారు. పంతొమ్మిదో దాని మీద 'దీన్ని అడగకుండా తీసినవాడు నాకు తమ్ముడు కాడు' అని ఉంది. దాని కిందే ఇంకో చేతిరాత, 'అన్నా, తీశాను.' ముప్పై ఒకటో దాని అట్టంతా ఒక చిట్టి అరచేయి, నీలిసిరాలో. ఈ పిల్లలెవరూ ఆమెకు తెలియదు. కానీ విప్పిన కోటు చూసి మనిషి ఏ భుజం వంచి నడుస్తాడో చెప్పగలిగినట్టే, ఈ పిల్లల సంగతి ఆమెకు కొంత తెలుసు.

ఒక్కొక్క సంచికకూ మిగిలిపోయిన అస్తరు గుడ్డతో సంచీ కుట్టింది. నలభైకి ముప్పైతొమ్మిది నిండాయి. పన్నెండోది ఖాళీ సంచీ. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి సూదుల డబ్బాలో పెట్టింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియకూడదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

రేపు ఆదివారం ఊరి గ్రంథాలయంలో పాత బొమ్మల పుస్తకాల ప్రదర్శన. రిటైరైన లెక్చరరు గారొకాయన ఏర్పాటు చేస్తున్నారు. ఆమెకు ఒక బల్ల ఇచ్చారు, పేరు రాసిన అట్టముక్కతో సహా. పేరు రాసి తన కోసం ఎవరైనా చోటు ఉంచడం ఆమెకు ఇదే మొదలు. "కొత్తగా ఏమీ చేయించకండమ్మా. అతుకులొద్దు, అలంకారమొద్దు. ఉన్నవి ఉన్నట్టే తేవాలి" అన్నారాయన. ఆ మాట నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పింది. బైండరు వేలితో బల్ల అంచు తడుముతూ విన్నాడు.

"తుప్పు పిన్నులతోనా?"

"పిన్నులతోనే."

"సరే మహాతల్లీ. నేను ముట్టుకోను. చాలా?"

చాలు అనుకుంది ఆమె.

బట్టల షాపు వెనక, ట్రయల్‌రూముల పక్కన, కిటికీ లేని చిన్న గదిలో ఆమె మిషను ఉంటుంది. షాపులో అందరూ ఆల్టరేషనక్క అంటారు. ఆ పొద్దున ఒకాయన కొత్త ప్యాంటు పొడుగైందని తెచ్చాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కాలిమడమ దగ్గర గుర్తు పెట్టింది.

"మిగిలింది కోసేయండమ్మా, లోపల మడిస్తే బరువుగా ఉంటుంది," అన్నాడాయన.

ఆమె సూదులు తీసి చేతిలోకి తీసుకుంది. "మడుస్తాను బాబూ. కోస్తే మళ్లీ రాదు."

"నేనింకా పొడుగవుతానా ఏంటి ఈ వయసులో?"

"మీరవకపోవచ్చు. మీ తరవాత వేసుకునేవాడు అవుతాడేమో."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆమె పనంతా అంతే. లోపల కాస్త గుడ్డ వదిలిపెట్టడం. లావైతే విప్పుకోవడానికి, పొడుగైతే దింపుకోవడానికి, చిరిగితే అందులోంచే అతుకు తీసుకోవడానికి. బయటికి కనిపించని ఆ మడతలోనే బట్టకు ఆయుష్షు ఉంటుందని ఆమె నమ్మకం. ఇంట్లో ఉన్న మనిషి వృత్తి సరిగ్గా దీనికి ఎదురు. ఎంత తీసేస్తే అంత అందం. ఒకరు వదలాలనేవాళ్లు, ఒకరు కోయాలనేవాళ్లు. ఒకే కప్పు కింద ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చారని అడిగితే, ఆయన కత్తి ప్రెస్సులో ఉంటుంది, నా కత్తెర షాపులో ఉంటుంది, ఇంట్లో ఇద్దరం నిరాయుధులం అనేది.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, వచ్చేటప్పుడు నా కోటుకు బటన్లు తెస్తావా? పెద్ద బజార్లో దొరుకుతాయి చూడు, నల్లవి."

"అంత దూరమా? మన షాపులోనే ఉన్నాయి కదే."

"అవి కాదమ్మా, మెరవనివి. తొందరేం లేదు, నెమ్మదిగా చూసుకుని రా. వంట నేను చేస్తాలే."

"నువ్వా? నాన్న దగ్గుకు తోడు ఇంకో జబ్బెందుకే పాపం?"

అవతల కూతురు పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు సాయంత్రం దాకా చెవుల్లో ఉంది. పిల్ల ఎదిగింది, ఇంటిపని అందుకుంటోంది అని ముచ్చటపడింది.

పెద్ద బజారు దారిలోనే పాతపుస్తకాలాయన కొట్టు. గోడకు ఆనించిన రెండు బల్లలు, పైన టార్పాలిను, అడ్డంగా కట్టిన తాడు మీద క్లిప్పులకు వేలాడే పుస్తకాలు. ఆమెను చూడగానే ఆయన స్టూలు మీంచి లేచి, తన కోటు కాలరు రెండు వేళ్లతో పట్టి చూపించాడు. కిందటి నెల ఆమె ఆ అరిగిపోయిన కాలరు విప్పి, తిరగేసి, బాగున్న వైపు పైకి వచ్చేలా కుట్టి ఇచ్చింది. కూలీ వద్దని, ఒక మాట మాత్రం అడిగింది.

"కొత్త కోటా అని మా ఆవిడే అడిగింది. నేను అవునన్నాను. ఇప్పుడు పాతదెక్కడ అమ్ముకున్నావని గొడవ."

"నిజం చెప్పేయకపోయారా?"

"నిజం చెబితే ఎవరు నమ్ముతారమ్మా? కళ్లు మూసుకోండి."

ఆమె కళ్లు మూసుకోలేదు. అయినా ఆయన అట్టల దొంతర కిందనుంచి తీసి ఆమె చేతుల్లో పెట్టేదాకా ఏమిటో పోల్చుకోలేకపోయింది. మబ్బుమనిషి, పన్నెండో సంచిక. కింది మూల కుక్కచెవిలా మడతపడి ఉంది. పిన్నుల చుట్టూ తుప్పు గోధుమరంగు పువ్వుల్లా పరుచుకుంది. అట్ట మీద మబ్బుమనిషి కూలుతున్న వంతెన కింద నిలబడి ఉన్నాడు. పైన పసిచేతి రాత: 'భయపడకు, వస్తాడు. నేను చదివాను.'

ఆమె అక్కడే, వచ్చేపోయే జనం భుజాలు తగులుతుండగా, ఆ అట్టను చాలాసేపు చూసింది. ఎవరో పిల్ల, తన తరవాత చదివేవాళ్ల కోసం రాసిపెట్టింది. చిన్నప్పుడు ఆమెకు అందని మాట అది.

"బాగుందా?" అన్నాడు పాతపుస్తకాలాయన.

"మీ కోటు నేను బతికున్నంతకాలం కుడతాను," అంది ఆమె.

బటన్లు కొని, సంచిక మీద రుమాలు చుట్టి సంచీలో నిటారుగా పెట్టుకుని, బస్సులో ఎవరికీ తగలకుండా రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే మైదా జిగురు వాసన. ముందుగదిలో భోజనాల బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. బైండరు ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. దగ్గు లేదు. కూతురు ఫోను ఎత్తి పట్టుకుంది, తల్లి మొహం వీడియో తీయడానికి.

"తీయనా?" అని అడిగి, ఆయన దుప్పటి లాగేశాడు.

ముదురునీలం క్యాలికో గుడ్డ చుట్టిన రెండు లావుపాటి పుస్తకాలు. వెన్ను మీద బంగారు అక్షరాల్లో 'మబ్బుమనిషి', దాని కింద ఆమె పేరు. జిగురు తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. మూడువైపులా అంచులు అద్దంలా నున్నగా, ఒక్క కాగితమైనా ముందుకూ వెనక్కూ లేకుండా.

అవి ఏమిటో ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ తెలియడం మనసులోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. సంచీ భుజానికి ఉండగానే పడగ్గదిలోకి వెళ్లి పెట్టె మూత ఎత్తింది. తాళం వేసి లేదు. లోపల అస్తరు సంచులన్నీ ఖాళీగా, ఒకదాని మీద ఒకటి, మూలలు కలిపి దొంతరగా పేర్చి ఉన్నాయి.

తిరిగి వచ్చి మొదటి పుస్తకం తెరిచింది. కుట్టు బ్రహ్మాండంగా ఉంది. కుట్టు తెలిసిన మనిషిగా ఆ సంగతి ఆమె ఒప్పుకోక తప్పలేదు. మబ్బుమనిషి మేఘం దిగి దొంగను గుద్దుతున్నాడు. పిడికిలి లేదు. మణికట్టు దగ్గర కాగితం అయిపోయింది. పేజీ తిప్పింది. నడిమి రెండు పేజీల్లో పరుచుకునే పెద్ద బొమ్మలో అతని మొహం కుట్టులోపలికి వెళ్లిపోయింది. ఇటో చెవి, అటో చెవి మిగిలాయి. మాటల బుడగలు సగానికి తెగి ఉన్నాయి.

"అట్టలేవి?" అంది.

"ఏ అట్టలు?"

"పైవి. రంగువి."

"ఓ, అవా? చీకిపోయాయి కదా. బైండింగులో పై అట్ట ఎవరుంచుతారు? పిన్నులతోపాటు తీసేశాం."

"ఎక్కడున్నాయి?"

"ప్రెస్సులో. అంటే… ప్రెస్సు చెత్త మధ్యాహ్నమే పోతుందిగా, మిల్లు లారీ వస్తుంది. ఇప్పటికి గుజ్జు అయిపోయి ఉంటాయి."

మీసాల దొంగ, అన్నా తమ్ముడూ, నీలి అరచేయి. ఆమె వేళ్లు పుస్తకం అంచు మీద ఉన్నాయి. కొత్త కోత చర్మాన్ని సన్నగా గీరింది.

"మీరు ముట్టుకోనన్నారు."

"అన్నాను. కాదనడం లేదు. కానీ నువ్వొకటి ఆలోచించు. రేపు ప్రెస్సువాళ్లందరూ చూడ్డానికి వస్తామన్నారు. బైండరు పెళ్లాం పీలికలు పరుచుకుని కూర్చుంటే నవ్వరూ? ఇవాళ నలుగురం చెయ్యేసి, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కుట్టాం. ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ కుట్టాను, ఇంట్లోదానివి కుట్టలేదని నాకూ ఉంటుందిగా!"

ఆయన గొంతులో దొంగతనం లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. తిట్టడానికి పట్టు దొరకనివ్వని మనిషి.

"నీకు తెలుసా?" అని కూతురి వైపు తిరిగింది.

కూతురి ఫోను ఎప్పుడో కిందికి దిగింది. "నాన్న సర్‌ప్రైజ్ అన్నారమ్మా. తాళంచెవి నేనే… బాగుంటుందనుకున్నాను. నీ పేరు కూడా వేయిద్దామని నేనే చెప్పాను."

ఈ పిల్లకు అక్షరాలు నేర్పింది ఆ పెట్టెలోని పుస్తకాలతోనే. పేజీలు పైమూల పట్టుకుని తిప్పాలని, చేతులు తుడుచుకుని కూర్చోవాలని. ఆమె సంచీలోంచి బటన్ల పొట్లం తీసి కూతురి చేతిలో పెట్టింది.

"తొందరేం లేదన్నావుగా. నెమ్మదిగానే వచ్చాను."

కూతురు ఏడవడం మొదలుపెట్టింది. బైండరుకు ఆ ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. వాతావరణం మార్చాలని పుస్తకం తన వైపు తిప్పుకుని గబగబా పేజీలు తీశాడు.

"ఇది చూడు ముందు. పదకొండుకూ పదమూడుకూ మధ్య తెల్లకాగితాలు పెట్టి చోటు ఉంచాను. నీకు ఏది లేదో నాకు తెలియదనుకున్నావా? ఎప్పుడు దొరికితే అప్పుడు ఆ కాగితాలు తీసి, అక్కడ అతికేయొచ్చు."

నిజంగానే, ఆ మధ్యలో ఖాళీ కాగితాలు, సరిగ్గా ఒక సంచిక మందాన. ఇన్నేళ్లూ ఆమె వెతుకులాటను ఒక్క మాటైనా అడగని మనిషి, అన్నీ లెక్కలో పెట్టుకున్నాడు. అంత తెలిసినవాడికి ఇది మాత్రం ఎలా తెలియకుండా పోయింది? ఆమె చెయ్యి తనకు తెలియకుండానే సంచీ మీదికి వెళ్లింది. ఆయన చూపూ అక్కడికే వెళ్లింది. రుమాల్లోంచి పసుపురంగు దుప్పటి చివర కనిపిస్తోంది.

"దొరికిందా!" ఆయన మొహం వెలిగిపోయింది. "ఇటివ్వు, ఇటివ్వు. మూడువైపులా వెంట్రుకవాసి తీస్తే చాలు, దీంట్లో కలిసిపోతుంది. ప్రెస్సు తాళం నా దగ్గరే ఉంది, ఇప్పుడే వెళ్లి…"

చాచిన ఆ చేతులకు అందకుండా ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేస్తే గుమ్మం. చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగింది.

దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. వచ్చిన దారినే బస్సులో పెద్ద బజారు వైపు తిరిగి వెళ్లింది. వెనక సీట్లో ఎవరో ఆయాసపడుతూ కూర్చోవడం వినిపించింది కానీ తిరిగి చూడలేదు. ఒడిలో సంచిక ఉంది. దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. షాపులో, మిషను కింద సొరుగులో దాచుకోవచ్చు. కానీ దాచుకోవడమంటే ఇకమీదట ఇంట్లోవాళ్లకు తెలియని చోటు ఒకటి వెతుక్కోవడం. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. పైగా, మిగతావాళ్లందరూ పోయాక ఈ ఒక్క పిల్ల 'భయపడకు' అని ఎవరికి చెబుతుంది?

పాతపుస్తకాలాయన టార్పాలిను దించుతున్నాడు. ఆమె రుమాలు విప్పి సంచికను ఆయన ముందు పెట్టింది.

"దీన్ని మిగతావి ఉన్నవాళ్లకు ఇవ్వండి."

"అదేంటమ్మా? మిగతావి మీ దగ్గరున్నాయిగా?"

"ఉండేవి."

ఆయన సంచికనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"లెక్చరరు గారు కనిపిస్తే, రేపు నా బల్ల వేరేవాళ్లకు ఇమ్మన్నానని చెప్పండి. నా పేరున్న అట్టముక్క తీసేయమనండి."

"కోటు కుట్టినందుకు ఇచ్చింది, వెనక్కి ఎలా తీసుకుంటాను?"

"తీసుకోండి. మా ఇంట్లో కత్తి ఉంది."

ఆయన సంచికను తాడు మీద ఒక క్లిప్పుకు తగిలించాడు. కుక్కచెవి మూల గాలికి లేచింది, పడింది.

బైండరు కొద్దిదూరంలో నిలబడి ఉన్నాడు. ఇందాక ఇంట్లో హడావుడిలోనే చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నట్టున్నాడు, ఒకవైపు కిందికి వేలాడుతోంది. ఆమె చూసింది. సర్దలేదు. ఆయన్ని దాటుకుని బస్సుస్టాపు వైపు నడిచింది. ఇంటివైపు కాదు, చెల్లెలి ఇంటివైపు వెళ్లే బస్సు ఆగే చోటుకి.

"ఏమైందండీ?" అన్నాడు పాతపుస్తకాలాయన.

బైండరు తాడు దగ్గరికి వచ్చాడు. సంచిక అట్ట మీద రాసింది చదివాడు. పెదాలు కదిలాయి, రెండోసారి కూడా చదివాడు. అలవాటుగా ఆయన బొటనవేలు ఆ మడతపడ్డ మూలను సరిచేయబోయి, మధ్యలోనే ఆగింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఇలాంటివి… అన్నిటి మీదా ఉండేవా?" అని అడిగాడు.

"పిల్లల పుస్తకాలు కదండీ. ఉంటాయి."

"నేను చదవలేదు. అట్టలు కదా అని… నాదే తప్పండీ."

"నాకు చెప్తారేంటి? ఆవిడకు చెప్పండి."

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. జన్మలో వీధిలో గొంతెత్తి మాట్లాడని మనిషి, బజారంతా వినేలా పిలిచాడు.

"ఏమే! తెలియక చేశానని ఇప్పుడు చెప్పబోయాను. అబద్ధం. అడిగితే వద్దంటావని నాకు తెలుసు. తెలిసే అడగలేదు. తప్పు నాదే."